మార్గగణనము – గ్రంథగణనము : నల్లగొండ, పాలమూరు సీమల నుండి ఒక పరిశీలనము

తెలంగాణమున కవులు పూజ్యమని ఒక పండితుడు వ్రాయగా, దానికి సమాధానముగా సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిన సంగతి సాహిత్య విద్యార్థులందరు నెరిగినదే. ఆ సంచికలో 354 మంది కవులు చేరిరి. ఈ వృత్తాంతమును మనము సామాన్యముగా ఆత్మాభిమాన కథగా చెప్పుకొందుము. అది యట్టిదే, సందేహము లేదు. కాని ఇందులో ఒక లెక్కయు నున్నది. దానిమీద మన దృష్టి అంతగా పోలేదు. పూజ్యమనగా సున్న. మూడువందల యేబదినలుగురు ఉన్నచోట సున్న యెట్లు వచ్చినది? ఆ పండితుడు అసత్యమాడెనని మేమనము. ఆయన తనకు కనబడినంత మేర చూచి, చూచినంతవరకు లెక్కించెను. తన చేతికందిన పుస్తకములు, తాను పాల్గొన్న సభలు, తాను తిరిగిన ఊళ్లు – ఇవియే ఆయన లెక్కకు ఎల్లలు. పాలమూరు జిల్లావారైన ప్రతాపరెడ్డిగారు పత్రిక నడుపుచున్నవారు. ఆయనకు తపాలా అను మరియొక మార్గము తోడ్పడెను. పత్రికా ముఖమున కవులను ప్రార్థించి, వారి పద్యములను వివరములను తెప్పించుకొనిరి. మార్గము మారగానే సంఖ్య మారినది.

మార్గమునకును గణనమునకును గల ఈ సంబంధమే ప్రస్తుత వ్యాస విషయము. రవాణా వ్యవస్థలను పరిశీలించుటకు గణితజ్ఞులు కల్పించిన ప్రతిరూపములు కొన్ని యున్నవి. విద్యాపరిశోధనను – ఎవ రెంత వ్రాసిరి, ఎవరి నెవరు ఉదాహరించిరి, ఏ గ్రంథ మెంతమందికి చేరినది అను విషయములను – కొలుచుటకు కల్పించినవియు నున్నవి. పేర్లు వేరైనను రెంటి గణితము చాలవరకు ఒక్కటే. తెలుగు శాఖలో గణితమేల యని మా విద్యార్థు లడుగుట కలదు. 11వ శతాబ్దిలో పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసార సంగ్రహమును తెలుగు పద్యములలోనికి దెచ్చినవాడు. మన కావ్యభాషకు లెక్క పరాయిది కాదు. అంతకంటె దగ్గర కారణ మొకటి కలదు. నేడు ఒక పత్రిక యోగ్యత, ఒక అధ్యాపకుని యోగ్యత, ఒక పల్లెకు బస్సు నడుపుటయో మానుటయో, ఇవన్నియు ఈ లెక్కలమీదనే నిర్ణయింపబడుచున్నవి. నిర్ణయమునకు లోబడువారు లెక్క యెట్లు పుట్టినదో తెలిసియుండవలెను.

గణిత ప్రతిరూపమనగా వస్తువు కాదు. వస్తువులో మనకు కావలసిన అంశమును మాత్రము నిలిపి, తక్కినదంతయు విడిచిన బొమ్మ. వాకిట ముగ్గు వేయునపుడు మొదట చుక్కలు పెట్టుదురు, పిమ్మట గీతలు కలుపుదురు. రవాణా ప్రతిరూపమును అట్టిదే. ఊళ్లు చుక్కలు, బాటలు గీతలు. ఊరు పెద్దదా చిన్నదా, బాట వంకరయా తిన్ననా అను ప్రశ్నలు మొదట నుండవు. ఏ చుక్క నుండి ఏ చుక్కకు గీత గలదన్నది యొక్కటే ప్రశ్న. 1736లో ఆయిలరు అను గణితవేత్త కోనిగ్స్‌బర్గు నగరపు ఏడు వంతెనలను, ఒక్కొక్కదానిని ఒక్కసారి మాత్రమే దాటుచు, అన్నింటిని దాటిరావచ్చునా యని విచారించి, రాదని నిరూపించెను. చేయి యెత్తక మెలికల ముగ్గు వేయుట సాధ్యమా కాదా యని మన ఇండ్ల స్త్రీలు చుక్కలను చూచి చెప్పగలుగుటయు ఆ జాతి జ్ఞానమే.

ఈ ముగ్గును మన సీమమీద వేసి చూతము. హైదరాబాదు ఒక చుక్క. అచటినుండి దక్షిణముగా బెంగుళూరు బాట జడ్చర్ల మీదుగా పోవును. శ్రీశైలము బాట కల్వకుర్తి మీదుగా పోవును. నాగార్జునసాగరపు బాట మల్లేపల్లి మీదుగా పోవును. విజయవాడ బాట నార్కట్‌పల్లి, సూర్యాపేటల మీదుగా కోదాడ చేరును. నడిమి ఊళ్లను విడిచితిమేని ఐదు చుక్కలు, నాలుగు గీతలు. గీతలను చుక్కలతో భాగింప 0.8 వచ్చును. 1963లో కాన్‌స్కీ అను భూగోళవేత్త దేశముల మార్గసంపత్తిని పోల్చుటకు వాడిన కొలతలలో ఇదియొకటి. ఒకటికి తక్కువ వచ్చినచో ఆ బొమ్మ యందు చుట్టు తిరిగి వచ్చుటకు వేరు బాట లేదనియే తెలియవలెను. అది అరచేతి వ్రేళ్ల వంటిది: ఒక వ్రేలి కొన నుండి మరియొక కొనకు పోవలెనన్న అరచేతికి రాక తప్పదు. జడ్చర్లనుండి కోదాడకు పోవువాడు హైదరాబాదు చూచిగాని పోలేడు.

ఇప్పుడు అడ్డబాటను చేర్చుదము. జడ్చర్ల, కల్వకుర్తి, మల్లేపల్లి, హాలియా, మిర్యాలగూడ, హుజూర్‌నగరముల మీదుగా కోదాడ వరకు పోవు బాట నేడు 167వ జాతీయ రహదారిలో భాగము. మన బొమ్మలో అది మూడు గీతలు. ఐదు చుక్కలకు ఏడు గీతలైనవి, నిష్పత్తి 1.4. ఒక్క చుట్టుబాటయు లేనిచోట మూడు చుట్టుబాట లేర్పడినవి. ఊరు ఒక్కటియు పెరుగలేదు, జనము పెరుగలేదు. పాలమూరును నల్లగొండను కలుపుటకు రాజధాని యవసరము మాత్రము తొలగినది. మేము ఈ చిన్న లెక్కను తరగతిలో నల్లబల్లమీద వేసినపుడు ఒక విద్యార్థిని "మా పరిశోధనకు అడ్డబాట ఎక్కడ సార్?" అని యడిగినది. ప్రశ్న సరియైనది. పాలమూరు కవిపై పనిచేయు నల్లగొండ విద్యార్థి పాలమూరునకు పోవుట అరుదు. హైదరాబాదులోని గ్రంథాలయమునకే పోవును. పాలమూరు వారు నల్లగొండ కవిని గూర్చి తెలిసికొనుటయు అట్లే. 2007లో నల్లగొండ యందు మహాత్మాగాంధి విశ్వవిద్యాలయమును, 2008లో మహబూబ్‌నగరమున పాలమూరు విశ్వవిద్యాలయమును ఏర్పడినవి. చుక్కలు రెండు పెరిగినవి. గీత ఇంకను వేయవలసియే యున్నది.

బాట యున్నదని తెలిసిన చాలదు. దాని బరువు తెలియవలెను. అనేక మార్గములలో తక్కువ బరువు గలదానిని కనుగొను క్రమమును 1959లో డైక్‌స్ట్రా ప్రకటించెను. నేడు చేతిఫోను దారి చూపుట ఆ క్రమమును, దాని సంతతిని ఆశ్రయించియే. కాని బరువు దేనితో కొలువవలెను? కిలోమీటరుతోనా, గంటతోనా, రూపాయతోనా? ఇచట మాకు ఏనుగుల వీరాస్వామయ్యగారు జ్ఞప్తికి వచ్చుచున్నారు. ఆయన 1830లో చెన్నపట్టణమున బయలుదేరి, కర్నూలు మీదుగా కృష్ణను దాటి, పాలమూరు సీమగుండ హైదరాబాదు చేరి, కాశికి పోయిరి. 1838లో అచ్చయిన ఆ యాత్రాచరిత్రను మనము వచన వికాసమునకు ఉదాహరణముగా చదువుదుము. రవాణా గణితమున కది యొక పట్టిక. మజిలీ మజిలీకి ఎన్ని ఆమడలో చెప్పుటతో ఆయన ఊరకుండరు. బాట రాతిదా, రేగడిదా, నీళ్లు కలవా, అంగళ్లు కలవా, దిగుటకు చోటున్నదా యని వ్రాయుదురు. బోయీలతో పరివారముతో పల్లకిలో పోవువానికి నీరులేని రెండామడలకంటె నీరున్న మూడామడలే దగ్గర. నేటి శాస్త్రమున కాలము, వ్యయము, శ్రమ కలిపి ఒక్క మొత్తముగా తీసికొను పద్ధతి కలదు. ఆ మొత్తములో చేరవలసిన పద్దులను ఆ యాత్రికుడు దినచర్యగా వ్రాసియుంచెను.

బరువు తెలిసిన పిమ్మట రాకపోకల ప్రశ్న. రెండు ఊళ్ల నడుమ ఎందరు ప్రయాణము చేయుదురు? దీనికి న్యూటను గురుత్వ సూత్రమునే అరువు తెచ్చుకొనిరి. ఊళ్లు పెద్దవైనకొలది రాకపోకలు హెచ్చును. దూరము పెరిగినకొలది తగ్గును. 1931లో రైలీ అను అమెరికా పండితుడు రెండు పట్టణములు నడిమి పల్లెలోని వ్యాపారమును ఎట్లు పంచుకొనునో ఈ సూత్రముతో చెప్పెను; దూరము రెట్టింపైన ఆకర్షణ నాల్గవవంతగునని ఆయన లెక్క. ఈ వర్గనియమము దైవదత్తము కాదు. దేశమును బట్టి, సరకును బట్టి ఘాతము మారుచుండును. పెండ్లిసంబంధమునకు పోవు దూరము వేరు, ఉప్పు కొనుటకు పోవు దూరము వేరు. పాలమూరు కూలీలు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు వెంట ముంబయి, పుణెలకు పోయినపుడు ఏ గురుత్వమును వారిని కర్నూలు వద్ద ఆపలేదు. అచట దూరమును కొలుచునది బాట కాదు, అప్పు. ప్రతిరూపము తప్పినచోట మనకు తెలియవలసినది దొరకుననుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము లేదు.

కొల్లాపురము వైపు సోమశిల రేవు కలదు. ఆవలి యొడ్డున సంగమేశ్వరము. నడుమ కృష్ణ. శ్రీశైలము జలాశయము నిండిన తరువాత అచట నది యొక సరస్సైనది. ఆవలి యొడ్డు కంటికి కనబడును. బాట పట్టి పోవలెనన్న పడమరగా పెబ్బేరు వచ్చి, బీచుపల్లి వంతెన దాటి, కర్నూలు తిరిగి రావలెను. సరళరేఖా దూరముతో మార్గ దూరమును భాగించి వచ్చినదానిని మేము చుట్టు నిష్పత్తి యందుము. మచ్చునకు, కంటికి 10 కిలోమీటర్లున్న ఊరికి చుట్టు తిరిగిన 100 కిలోమీటర్లనుకొందము: నిష్పత్తి 10. రైలీ లెక్క ప్రకారము ఆకర్షణ నూరింట ఒక వంతగును. అనగా ఆ రెండు ఊళ్ల నడుమ రాకపోకలు లేవనియే ప్రతిరూపము చెప్పును. బాటమీద నిలిచి లెక్కించు ఉద్యోగికిని దాదాపు సున్నయే వచ్చును. ప్రతిరూపము, పరిశీలన ఏకీభవించినవి, గణితజ్ఞుడు సంతోషించును. కాని జనులు పడవలమీద దాటుచునే యుండిరి. 2007 జనవరిలో ఆ ప్రాంతమున పడవ మునిగి పదుల సంఖ్యలో మనుష్యులు చనిపోయిరి. రాకపోకలు లేవను లెక్క యెంత తప్పో లోకమునకు ఆ దినమున తెలిసినది. ఇచట వంతెన కట్టుటకు కేంద్ర ప్రభుత్వము 2022లో ఆమోదము తెలిపినది. దానివలన హైదరాబాదు తిరుపతుల దూరము సుమారు 80 కిలోమీటర్లు తగ్గునని ప్రకటించిరి. ప్రకటనలో తిరుపతి దూరము చేరుట సహజమే. ఆవలి యొడ్డున కూతురి నిచ్చిన సోమశిల తల్లికి తగ్గు దూరమెంతయో అందులో లేదు.

ఇచ్చట ఒక భేదమును గట్టిగా పట్టుకొనవలెను. కనబడిన సున్న వేరు, ఉన్న సున్న వేరు. బీబీనగరము నడికుడి రైలుమార్గము 1970లలో మొదలై నిర్మింపబడకముందు నల్లగొండ పట్టణమున రైలెక్కిన ప్రయాణికు లెందరని లెక్కించినచో సున్న వచ్చెడిది. దానివలన నల్లగొండ వారికి ప్రయాణము అక్కరలేదని తీర్మానించుట హాస్యాస్పదము. నిజాము రాష్ట్ర రైల్వేవారి రోడ్డు రవాణాశాఖ 1932లో 27 బస్సులతో మొదలైనది. బస్సు చేరని ఊరివారు ఆ దినమున ఇంటనే కూర్చుండిరా? నడచిరి, బండి కట్టిరి. బస్సునకు జనులు లేరని బస్సును తగ్గింతురు; బస్సు రాదని జనులు ఆటోకు పోవుదురు; మరల లెక్కించిన జనులు ఇంకను తక్కువగా నుందురు. లెక్క తన్ను తానే నిజము చేసికొనును. దీనిని కొందరు దుష్టచక్రమందురు. మేము దానిని చెడు పరిశీలన అందుము, ఏలయన దుష్టులెవరును అక్కరలేకుండగనే అది తిరుగును.

విద్యాపరిశోధనకు వత్తము. 1926లో లోట్కా అను గణితజ్ఞుడు రచయితల లెక్క తీసెను. ఒక్క వ్యాసము వ్రాసినవారు నూరుగురైన, రెండు వ్రాసినవారు సుమారు ఇరువదియైదుగురు, మూడు వ్రాసినవారు పదునొకండుగురు – ఇట్లు వర్గక్రమమున తగ్గుచు పోవుదురు. రైలీ దూరమున కున్న వర్గమే ఇచట ఫలసంఖ్యకు వచ్చుట చూడుడు. ఈ నియమము ప్రకారము మొత్తము రచయితలలో నూటికి అరువదిమంది ఒక్క వ్యాసముతో నిలిచిపోవువారు. 1934లో, అనగా కవుల సంచిక వెలువడిన యేటనే, బ్రాడ్‌ఫర్డు అను గ్రంథాలయాధికారి ఒక విషయముపై వ్యాసములు కొద్ది పత్రికలలో దట్టముగను, అసంఖ్యాకములైన పత్రికలలో ఒకటి రెండుగను వ్యాపించియుండునని చూపెను. మన దేశమున రంగనాథన్‌గారు 1948లోనే గ్రంథాలయ సేవకు గణిత పద్ధతుల నన్వయింపవలెనని సూచించిరి. కవుల సంచికను లోట్కా కన్నుతో చూచినవారికి ఒక సంగతి స్ఫురింపవలెను: ఏ సాహిత్య సమాజమునను అధిక సంఖ్యాకులు తక్కువ వ్రాసినవారే యుందురు. కావ్యములు పెక్కు వ్రాసి అచ్చువేయించిన వారిని మాత్రము వెదకువాడు ఆ అధిక సంఖ్యాకులను చూడడు. కొనలోని కొద్దిమంది ఒక ప్రాంతమున కనబడనిచో మొత్తము సున్న యనును.

ఉదాహరణముల వల ఇంకను మార్గము వంటిది. ఒక వ్యాసము మరియొకదానిని ఉదాహరించినచో ఒక గీత. 1965లో ప్రైస్ అను చరిత్రకారుడు శాస్త్రవ్యాసముల నిట్టి వలగా చూపెను. అంతకు పూర్వమే 1964లో గార్‌ఫీల్డు ఉదాహరణ సూచి వెలువడసాగినది. 1998లో బ్రిన్, పేజి అనువారు ఈ భావమునే గ్రహించి, చుక్కనుండి చుక్కకు గీతలవెంట యథేచ్ఛగా తిరుగు బాటసారి నొకని కల్పించిరి. వాడు ఏ చుక్కవద్ద ఎక్కువసారులు కనబడునో అది గొప్ప చుక్క. అంతర్జాలమున వెదకుటకు ఆధారమైన ఈ లెక్కయు, కూడళ్లలో బండ్ల రద్దీని ఊహించు లెక్కయు సహోదరములు.

ఆ బాటసారిని మన పరిశోధన లోకమున విడిచి చూడుడు. తెలుగు వ్యాసము ఆంగ్ల గ్రంథమును ఉదాహరించును. ఆంగ్ల గ్రంథము తెలుగు వ్యాసమును ఉదాహరించుట అరుదు. ఇది ఏకముఖమైన బాట. బాటసారి పోవుటయే గాని మరలి రాడు. కొంతకాలమునకు వాని లెక్కలో తెలుగు చుక్కలన్నియు సున్నకు చేరును. దానికి తోడు గొప్ప సూచీలు మన పత్రికలను అంతగా ఎక్కించుకొనవు. 1924 నుండి 1991 వరకు వెలువడిన భారతి సంపుటములలో ఎన్ని వివాదములు పరిష్కృతములైనవో తెలుగు పరిశోధకు లెరుగుదురు. అట్టి పత్రికల బాటలు పటమునకు ఎక్కినగదా బాటసారి పోవుటకు! మన తప్పును లేకపోలేదు. "కొందరు పండితులందురు", "ఒక విమర్శకు డన్నట్లు" అని వ్రాయుట మనకు మర్యాద. గీత యున్నది, చివర చుక్క లేదు. ఈ వ్యాసారంభమున మేమును ఆ పండితుని పేరు చెప్పక, ఆ మర్యాదనే పాటించితిమి. వివాదములో నొచ్చుకొనకుండుటకు అలవరచుకొన్న ఈ సౌజన్యము గణనలో మనకే నష్టము తెచ్చుచున్నది.

ఇంతవరకు లెక్క తప్పుటనే చెప్పితిమి. కనబడనిదానిని అంచనా వేయు లెక్కయు నొకటి కలదు. మా దృష్టిలో సాహిత్య చారిత్రక విద్యార్థికి అన్నింటికంటె ఉపయోగపడునది అదియే. చెరువులో చేప లెన్నియని తెలిసికొనుటకు కొన్నింటిని పట్టి గుర్తు వేసి విడుతురు. మరల వలవేసి, పడినవానిలో గుర్తు గలవెన్నియో చూతురు. 1949లో చంద్రశేఖరన్, డెమింగు అను నిద్దరు వంగదేశములోని సింగూరు ప్రాంతపు జననమరణముల నమోదును పరీక్షించుటకు ఈ పద్ధతినే పెంపొందించిరి. ఒక పట్టిక ఉద్యోగి వ్రాసినది. మరియొకటి ఇంటింటికి పోయి విచారించి వ్రాసినది. రెంటిలోను గల పేర్లను బట్టి, రెంటిలోను లేని పేర్ల సంఖ్య నూహించిరి.

దీనిని శాసనముల కన్వయింపవచ్చును. లక్ష్మణరాయ పరిశోధక మండలివారు 1935లో తెలంగాణా శాసనములు ప్రకటించిరి. తరువాతి కాలమున నల్లగొండ, మహబూబ్‌నగర జిల్లాల శాసన సంపుటములు ప్రత్యేకముగా వెలువడినవి. ఒక్కొక్క సేకరణము ఒక్కొక్క పట్టిక. ఇక్కడ వాని అసలు అంకెలు కాక, పద్ధతి తెలియుటకై కల్పితమైన అంకెలను తీసికొందము. మొదటి సేకర్త 70 శాసనములను, రెండవ సేకర్త 50 శాసనములను చూచిరి. ఇద్దరును చూచినవి 25. 70ని 50చే గుణించి 25చే భాగింప 140 వచ్చును. చూచినవి మొత్తము 95 గనుక, చూడనివి 45 ఉండునని అంచనా.

ఈ లెక్కకు ఒక షరతు కలదు: ఒక శాసనము మొదటివానికి కనబడుటకును రెండవవానికి కనబడుటకును సంబంధ ముండరాదు. మన సీమలో ఈ షరతు నిలుచునా? పిల్లలమఱ్ఱి సూర్యాపేట చెంత, విజయవాడ బాటకు దగ్గర. పానగల్లు నల్లగొండకు ఆనుకొనియున్నది. అలంపురము బెంగుళూరు బాటనుండి కొంచెమే లోపల. ఎవరు బయలుదేరినను ముందు ఇవియే కనబడును. అమరాబాదు పీఠభూమిలో, నల్లమల అడవిలో నున్న రాయి ఇద్దరికిని కనబడదు. ఇద్దరు సేకర్తలును ఒకే బాటన నడచినచో వారి పట్టికలు అధికముగా ఏకీభవించును. ఏకీభావము హెచ్చినకొలది అంచనా తగ్గును. అనగా, రెండు సాక్ష్యములు కలిసినవని మనము ధైర్యపడునపుడే లెక్క ఎక్కువగా మోసగించును. చంద్రశేఖరన్, డెమింగులు దీనికి చెప్పిన మందు, సజాతీయములైన ఉపవర్గములుగా విడదీసి లెక్కించుట. పై అంకెలనే విడదీయుదము. బాటప్రక్కన మొదటివాడు 60, రెండవవాడు 40, ఉమ్మడి 24 అయినచో అంచనా 100. లోపలి పల్లెలలో చెరి 10, ఉమ్మడి 1 అయినచో అచటను అంచనా 100. మొత్తము 200. కలిపి లెక్కించినపుడు 140 మాత్రమే. అరువది శాసనములు బాటలోనే పోయినవి.

నీటమునిగినవాని విషయము వేరుగా చూడవలెను. నాగార్జునసాగరమున ఏలేశ్వరము మునిగినది. శ్రీశైలము జలాశయము వలన కూడవెల్లి సంగమేశ్వరాలయమును విప్పి అలంపురమునకు తరలించిరి. అట్టిచోట్ల పట్టికలోని స్థలమును నేటి స్థలముగా గ్రహించినచో, ఒకనాడు రెండు నదుల కూడలియందుండిన గుడి బాటప్రక్క వర్గములో పడును. 2016లోను 2019లోను జరిగిన జిల్లాల పునర్విభజనమువలన ఊరు కదలకున్నను జిల్లా పేరు కదలినది. పాత నల్లగొండ మూడు జిల్లాలైనది. పాత మహబూబ్‌నగరము నుండి నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల, నారాయణపేట జిల్లాలు వెలసినవి. పట్టికలను సరిచూచు విద్యార్థి ఊరిపేరుతో పాటు కాలమును వ్రాసికొనవలెను.

ఈ కారణములచేత మేము కొంతకాలముగా మా విద్యార్థులను క్షేత్రపరిశోధన పుస్తకమున ఒక కొత్త గడి గీయుమని కోరుచున్నాము. అందు వ్రాయవలసినది శాసనపాఠము కాదు, కవి చరిత్రము కాదు. ఆ ఊరికి ఎట్లు పోయిరి? బస్సులోనా, ఆటోలోనా, నడచియా? ఆ ఊరిని ఎవరు చెప్పిరి? దారిలో ఏ యే ఊళ్లు దిగక విడిచిరి? పోయి వెదకి ఏమియు దొరకనిచో ఆ సంగతియు వ్రాయవలెను; పోనేలేదు కనుక దొరకనిచో అదియు వ్రాయవలెను. ఈ రెండవది వ్రాయుటకు విద్యార్థులు సిగ్గుపడుచున్నారు. పరీక్షకులు దానిని లోపముగా ఎంచుదురని వారి భయము; ఆ భయము నిరాధారమని మేము చెప్పజాలము.

కవుల సంచికకును ఈ గడి వేసి చూడవచ్చును. దాని మార్గము తపాలా, పత్రిక. పత్రిక చదువువారు, చదివినవారి మాట వినువారు, పద్యము వ్రాసి కవరులో పెట్టి పంపగలవారు అందులో చేరిరి. తంబుర మీటుచు ఊరూర కథ చెప్పు శారదకాండ్రకు, యక్షగానమాడు చిందు భాగవతులకు ఆ మార్గము లేదు. సంచికలోని 354 ఒక పట్టిక. వారి రచనలను జానపద వాఙ్మయ సేకర్తలు వేరు బాటల నడచి వ్రాసికొన్నది మరియొక పట్టిక. ఈ రెంటిని పోల్చిన ఉమ్మడి పేర్లు ఎన్ని దొరకునో వెదకుట నల్లగొండ, పాలమూరు విద్యార్థు లిద్దరును కలిసి చేయదగిన పని. ఉమ్మడి పేరు ఒక్కటియైనను దొరకనిచో భాగహారమున హారము పూజ్యమగును. అపుడు సూత్రము ఏ సంఖ్యయు చెప్పదు, సున్న యనియు చెప్పదు.